కోతల పుస్తకం

యేసుపాదం మాస్టర్ పోయిన పదోనాడు
వాళ్ళ చిన్నబిడ్డ నా చేతిల పెట్టింది,
రబ్బరు బ్యాండు చుట్టిన కిరాయి పుస్తకం,
అట్ట నిండ వాల్వు నూనె మరకలు.
"గిందులేముందో నీకే ఎరుక మామా" అన్నది.

ఎరుకనే.
ఇరవై తొమ్మిదేండ్లు ఆయన ఎడమ పక్కన
సైడ్ డ్రమ్ము కొట్టినోన్ని.

ఎర్రసిరాతోని ఊరు, తారీకు, ఒప్పుకున్న పైసలు.
పక్కన నల్లసిరాతోని, కోత.

గిర్మాజీపేట. ఇరవై. "గదేం పాటయ్యా, ఏడుపు లెక్క!"
పరకాల. యాభై. సినిమా పాట నడుమ తొవ్వ తప్పినందుకు.
పోచమ్మమైదాన్. పదిహేను, ఒక టోపీ.

'న్యూ బెతెల్ జాజ్ బ్యాండ్' అని రాయమంటే
పెయింటర్ 'జాజి బ్యాండ్' అని రాసిండు.
పెండ్లిళ్ళకు పువ్వు పేరు అక్కరకొస్తదని
అట్లనే ఉంచిండు మాస్టర్.
శివనగర్ల, అండర్ బ్రిడ్జి పక్కన రేకుల రూము.
పద్నాలుగు మందిమి, తొమ్మిది జతల బూట్లు.

ఆయన తండ్రి కాజీపేట లోకోషెడ్డుల బొగ్గెత్తినోడు.
శనివారం రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూట్ల
చెక్కనేల మీద దొరలు దొరసాన్లు ఆడుతుంటే
కిటికీ కింద సైకిళ్ళు కాసే పిల్లగాడు ఈయన.
పెర్త్‌కు పోయే ముందు గార్డు రోడ్రిక్ సారు
సాక్సోఫోన్ అమ్మజూపిండట, ఎవ్వరు కొనలే.
"రెండేండ్లు నా సైకిలు కాసినవు,
పైసలియ్యలే, ఇది తీస్కో" అన్నడట.

మెడ కాడ సొట్ట. ఎన్నడు తీపియ్యలే.
"గా సొట్ట కాడనే గాలి మలుగుతది రా.
సక్కగ చేపిస్తే సక్కగనే పోతది,
ఇగ నాకేం పని."

మిల్లు కూతకు శ్రుతి చేసుకునేటోడు.
ఆజంజాహి మూతపడ్డ యేడు
పొద్దుగాల రీడు నోట్లె తడుపుకుంట
అటు దిక్కే చెవి పెట్టి కూసునేటోడు, చానా దినాలు.
తర్వాత మా బ్యాండు ఇంతంత కిందికి జారింది.
ఊరు గుర్తుపట్టలే.

బరాత్ మలుపు కాడ,
లైట్లు మోసే ఆడోళ్ళు నెత్తి మీది బరువు సదురుకునేటప్పుడు,
గుర్రం మొండికేసినప్పుడు,
ఆయన కుడిభుజం ఇంత లేస్తది.
గదే సైగ.
ట్రంపెట్లు ఆగుతయి. క్లారినెట్ ఆగుతది.
నేను డ్రమ్ము అంచు మీద పుల్లలు మెల్లగ నడిపిస్త.
ఇగ ఆయన పోతడు,
పాటకు తాళమేసి
చెవి పక్కింట్ల ఇచ్చినట్టు.
బొగ్గు పొగలకో, ఆ కిటికీ కిందికో
ఏ గల్లీకి పోతడో నేనెన్నడు అడగలే.
ఎనిమిది దెబ్బలు, ఒక్కోపారి పదహారు.
వస్తడు. దెబ్బకు సరిగ్గ వస్తడు.

ఒక్కపారి ఎనుమాములల, మిర్చి సేటు కొడుకు పెండ్లి,
ఎంతసేపు పోయిండంటే గుర్రం నిలబడే కునికింది.
నూటయాభై కోత.
మా పద్నాలుగు మంది లెక్క తన వాటాలకెళ్ళి ఇచ్చి
చాయ్ కూడ తాగకుంట
శివనగర్ దాక ఈలేసుకుంట నడిసిండు.

డీజే డబ్బాలొచ్చినంక పేజీలు తెల్లగైనయి.
పిలిచెటోడు లేకపాయె, కోసెటోడు లేకపాయె.
ఆఖరుకు ఒక్కటుంది:
దేశాయిపేట. సావు. ముసలామె కొడుకు
గా మలుపు కాడిది మల్ల ఊదుమన్నడు, వంద ఎక్కువిచ్చిండు.
కోత గడిల ఏం రాయాల్నో తెల్వక
నల్లసిరా చుక్కొకటి పెట్టి ఇడిసిపెట్టిండు.

రాత్రి కూసొని కూడిన.
నాలుగువేల మూడొందల పదిహేను. ఒక టోపీ.

"అప్పులా మామా?"

కాదు బిడ్డా.
కొనుక్కున్నడు. ఎనిమిది దెబ్బలు, పదహారు దెబ్బలు,
చిల్లరకు చిల్లర,
ఎవలో పెండ్లి నడుమ తన జాగ.

నా వాటా ఎన్నడు కోయలే.
నేను ఉత్తగనే విన్న.